గోడ మీద బీట

ప్రశ్న: పదేళ్లుగా తాపీపని చేస్తున్నాను. మొన్న ప్లాస్టరింగ్ చేసిన గోడకు బీటలు వచ్చాయని ఇంటి ఓనరు కూలీలందరి ముందూ ‘నీకు పనే రాదు’ అన్నారు. అప్పట్నుంచి తాపీ పట్టుకుంటే చెయ్యి సాగట్లేదు. తప్పు నాదేనా?
– ఒక మేస్త్రీ, తణుకు

జవాబు: బీట ఎందుకొచ్చిందో ఆ మాట అన్నాయనకు తెలియకపోవచ్చు. మీకు మాత్రం తెలియాలి. తెలిస్తే సగం బరువు అక్కడే దిగుతుంది. ముందు గోడ దగ్గరికెళ్లి చూడండి.

సాలెగూడులా గోడంతా సన్నగా పగిలిందంటే లోపం పైపూతలోనే. మాలులో సిమెంటు వంతు ఎక్కువై ఉండొచ్చు. లోపలి గోడకు 12 మిల్లీమీటర్ల మందాన 1:6 మాలు (ఒక వంతు సిమెంటుకు ఆరు వంతుల ఇసుక) చాలు. నునుపు కోసం తడి మీద పొడి సిమెంటు చల్లి రుద్దినా, ఇసుకలో మట్టి ఉన్నా ఇలాగే పగులుతుంది. ఇసుకను గాజు సీసాలో ఉప్పునీళ్లతో బాగా కుదిపి, మూడు గంటలు కదపకుండా ఉంచండి. పైన పేరిన మట్టి, కింది ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే ఆ లోడు వద్దనండి. వద్దనగలగడం కూడా మేస్త్రీ పనే.

పిల్లరు పక్కనో, బీము కిందో గీత గీసినట్టు పగిలితే, కాంక్రీటూ ఇటుకా కలిసేచోట మెష్ (సన్నటి జాలి) కొట్టలేదన్నమాట. మెట్లుమెట్లుగా ఏటవాలుగా దిగిన బీటైతే పునాది కుంగిందేమో ఇంజనీరు చూడాలి. అది ప్లాస్టరింగ్ తప్పు కాదు. తట్టితే డొల్ల శబ్దం వచ్చిందా, అది చాలావరకు మీ తప్పే: ఇటుకల మధ్య సందులు గీరకుండా, గోడ తడపకుండా పూసి ఉంటారు.

క్యూరింగ్, అంటే పూతను నీళ్లతో తడిపి ఉంచడం, కనీసం 7 రోజులు జరగాలి. నీళ్లు పట్టేది ఎవరో పని మొదలుపెట్టకముందే తేల్చుకోండి. పూసిన మర్నాడు గోడ మీద సుద్దతో తేదీ వెయ్యండి, కింద మీ పేరూ రాయండి. పేరు రాయబోయే గోడకు తూకం గుండు ఇంకోసారి వేసి చూసుకోకుండా పరంజా దిగబుద్ధి కాదు. పని మీద గౌరవం పుట్టేది అక్కడే. ఒకరు మెచ్చుకునేదాకా ఆగక్కర్లేదు.

మీ తప్పున్నచోట మీరే ముందుగా చెప్పండి. డొల్ల భాగాన్ని చదరంగా కోసి తీసి, తడిపి, మళ్లీ పూయండి. దానికి కూలి అడగకండి. సాలెగూడు బీటలకైతే గోడ పూర్తిగా ఆరాక పుట్టీ సరిపోతుంది. మిగతావాటి కారణం మాత్రం ఆ కూలీల ముందే, గోడ చూపిస్తూ ఓనరుకు నెమ్మదిగా వివరించండి.