సిగరెట్ అలవాటుంది.. ఆపరేషన్ మత్తు దిగాక దగ్గు రాకుండా ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 47. ఇరవై ఏళ్లుగా రోజుకు పది సిగరెట్ల దాకా తాగుతాను. గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయి, నెల తర్వాత ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్) చేద్దామని సర్జన్ అన్నారు. నాలుగేళ్ల కిందట భుజానికి ఆపరేషన్ జరిగినప్పుడు మెలకువ రాగానే ఆగకుండా దగ్గు వచ్చింది. గొంతు మంట మూడు రోజులు తగ్గలేదు. ఈసారి పొట్ట మీద కుట్లతో అలా దగ్గాలంటేనే భయంగా ఉంది. ఆపరేషన్ ముందు సిగరెట్ మానేస్తే కఫం పెరిగి ఇంకా ముప్పని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది ఒకప్పుడు డాక్టర్లలోనూ కొందరు నమ్మిన మాటే. మానేసిన కొత్తలో కొందరికి దగ్గు, కఫం ఎక్కువైనట్టు అనిపిస్తుంది. అంతమాత్రాన ఆపరేషన్‌లో ముప్పు పెరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. కాబట్టి ఈరోజే మానేయండి. కనీసం 4 వారాలు మానితే ఊపిరితిత్తుల సమస్యలు బాగా తగ్గుతాయి. మీ చేతిలో సరిగ్గా అంత టైముంది.

జనరల్ అనస్థీషియాలో, అంటే పూర్తిగా స్పృహ లేకుండా మత్తు ఇచ్చేటప్పుడు, మత్తు డాక్టర్లం నోట్లోంచి శ్వాసనాళంలోకి ట్యూబ్ వేస్తాం. గాలి పక్కల నుంచి పోకుండా దాని చివర చిన్న బుడగలాంటి కఫ్ ఉంటుంది. మత్తు దిగేటప్పుడు ట్యూబ్ ఇంకా లోపల ఉండగానే గొంతుకు స్పర్శ తెలుస్తుంది. అందుకే పొగతాగనివాళ్లకూ కాస్త దగ్గొస్తుంది. పొగతాగేవాళ్ల శ్వాసనాళం ముందే రేగి ఉంటుంది కనుక ఊరికే ఉలిక్కిపడుతుంది. కఫాన్ని పైకి నెట్టే సన్నటి నూగు కూడా పొగకు మొద్దుబారిపోయి ఉంటుంది.

దీన్ని తగ్గించే మార్గాలు మా దగ్గర ఉన్నాయి. ట్యూబ్ తీసేముందు రక్తనాళంలోకి లిడోకైన్ అనే తిమ్మిరి మందు ఇవ్వొచ్చు. ముందుగా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే గొంతునొప్పి తగ్గుతుంది. కాస్త సన్నటి ట్యూబ్ వాడటం, కఫ్‌లో గాలి ఒత్తిడి 30 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానమైన ఒత్తిడి దాటకుండా మీటరుతో చూసుకోవడం కూడా పనిచేస్తాయి. డెస్‌ఫ్లూరేన్ అనే మత్తు వాయువు ఘాటుగా ఉండి గొంతును రేపుతుంది. దానికి బదులు సెవోఫ్లూరేన్ గానీ, ప్రొపొఫాల్ ఇంజెక్షన్‌తోనే నడిపించే మత్తు గానీ ఎంచుకోవచ్చు.

అయితే ఇవన్నీ మీరు నిజం చెబితేనే. మత్తు డాక్టర్ ముందస్తు చెకప్‌లో ‘సిగరెట్ తాగుతారా?’ అని అడిగితే చాలామంది ‘ఎప్పుడైనా ఒకటి’ అంటారు. పక్కన కూర్చున్న భార్య ముఖం చూస్తే అసలు లెక్క తెలిసిపోతుంది! పాత డిశ్చార్జ్ సమ్మరీ తీసుకెళ్లి, పోయినసారి ఎంత దగ్గొచ్చిందో వివరంగా చెప్పండి.

ఇంకో మాట. ముందురోజు రాత్రి టెన్షన్‌తో ఆసుపత్రి ఎదుటి టీకొట్టుకు దిగి ‘ఈ ఒక్కటే’ అని వెలిగించేవాళ్లు ఉంటారు. సిగరెట్‌తో రక్తంలో చేరి ఆక్సిజన్ చోటును ఆక్రమించే కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఈ తేడా పట్టలేదు, ఆక్సిజన్ బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. మానడం కష్టమైతే నికోటిన్ గమ్ గానీ ప్యాచ్ గానీ వాడొచ్చేమో మీ డాక్టర్‌ను అడగండి. పొగాకు మానడానికి సాయపడే జాతీయ క్విట్‌లైన్ 1800-112-356కి ఫోన్ చేస్తే డబ్బు తీసుకోకుండా సలహా ఇస్తారు.

ఆపరేషన్ అయ్యాక తల వైపు కాస్త ఎత్తుగా పడుకోండి. దగ్గొస్తే ఆపుకోకండి, కఫం లోపలే ఉండిపోతే న్యుమోనియాకు దారి తీయొచ్చు. దిండును పొట్టకు రెండు చేతులా అదిమి పట్టుకుని దగ్గితే కుట్ల దగ్గర నొప్పి అంతగా ఉండదు. మూడు బంతుల స్పైరోమీటర్ (ఊపిరితిత్తుల వ్యాయామ పరికరం) ఇస్తారు, మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు పీల్చండి. నీళ్లు తాగొచ్చని చెప్పాక గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించండి. ఇంట్లో ఉన్న దగ్గు సిరప్ మాత్రం సొంతంగా తాగొద్దు. నొప్పి మందులతో కలిస్తే మగత ఎక్కువై ఊపిరి మందగించొచ్చు.

గొంతునొప్పి మామూలుగా రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ఆయాసం, జ్వరం, ఛాతీనొప్పి, కఫంలో రక్తం, ఊపిరి పీల్చేటప్పుడు గొంతులో కూత.. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. గొంతు బొంగురు రెండు వారాలు దాటినా పోకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. ఇరవై ఏళ్లు పొగతాగిన గొంతు కదా, తప్పంతా ట్యూబ్ మీదకే నెట్టేయకూడదు.