వెనక్కి వాలి కూర్చుని తొక్కే మూడు చక్రాల సైకిల్ (రికంబెంట్ ట్రైక్) గురించి సోషల్ మీడియాలో పోస్టులు పెడితే నిజంగా ఎవరైనా తొక్కడం మొదలుపెడతారా?

మొదలుపెడతారు. వీడియోలో ముందు కూర్చోవడం, లేవడం చూపించండి, చాలు.

మేం ఉండేది ఒహాయోలో, సిన్సినాటి దగ్గర. వారాంతాల్లో లిటిల్ మయామీ ట్రెయిల్ మీద ట్రైక్ తొక్కుతాను. పాత రైలు కట్ట మీద వేసిన దారి కాబట్టి ఎత్తుపల్లాలు పెద్దగా ఉండవు. గుంటూరు నుంచి మా బాబాయి వచ్చినప్పుడు ఆయన్ని లవ్‌ల్యాండ్ దగ్గరికి తీసుకెళ్లాను. పక్షవాతం వచ్చి తగ్గాక నడక వచ్చింది గానీ బ్యాలెన్స్ రాలేదు. సైకిల్ ఊసే ఎత్తేవారు కాదు. నా బండి చూసి, "ఇంత కిందకి కూర్చుంటే మళ్లీ లేవగలనంట్రా?" అన్నారు.

పార్కింగ్ బ్రేక్ వేశాను. ఆయన ముందు చక్రాల మధ్య నిలబడి, రెండు చేతులూ రెండు టైర్ల మీద ఆనించి, మెల్లగా పడక కుర్చీలో వాలినట్టు వాలారు. మడమలకి పట్టీలు బిగించాను. ఇది ఎవరూ చూపించరు! పెడల్ మీంచి జారిన కాలు నేలకి తగిలితే బండి దాని మీదకి ఎక్కేస్తుంది. కాసేపు తొక్కి వచ్చాక పాదాలు సీటు దగ్గరికి లాక్కుని, బరువంతా చేతుల మీద వేసి, ఎవరి సాయం లేకుండా లేచారు. లేవగానే, "వీడియో తీశావా? మీ పిన్నికి పంపించు" అన్నారు.

ఆయన్ని అడిగాకే ఆ వీడియో ముక్క ఫేస్‌బుక్‌లో ట్రైకుల గ్రూపులో పెట్టాను. స్పీడెంత అని ఒక్కరూ అడగలేదు. సీటు ఎత్తెంత, మోకాళ్ల నొప్పులుంటే పర్వాలేదా, పట్టీ ఎక్కడ దొరుకుతుంది, అన్నీ ఇవే. ఈ బండి అవసరమున్నవాళ్లు యాభై దాటినవాళ్లు. వాళ్లుండేది ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో. డ్రోన్‌తో తీసి, చెవులు పగిలే సంగీతం పెట్టిన రీల్స్ వాళ్లకెందుకు? పెద్దాయన తొక్కుతుంటే వెనకాల ఏడుపు వయొలిన్ పెట్టేవాళ్లంటే నాకు మరీ ఒళ్లు మంట. ఆయన సరదాగా తొక్కుతున్నాడు, జాలి దేనికి?

అసలు పోస్టులు పెట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, 1933లో పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ ఇలా వెనక్కి వాలి తొక్కే రెండు చక్రాల సైకిల్ మీద గంటలో 45 కిలోమీటర్లు దాటి రికార్డు కొట్టాడు. మరుసటి ఏడే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఆ తరహా బండ్లని పోటీల నుంచి తప్పించింది. పోటీల్లో లేనిది టీవీలో కనపడదు, టీవీలో కనపడనిది మామూలు షాపువాడు తెచ్చిపెట్టడు. జనం చూడాలంటే మనమే చూపించాలి.

"కార్లవాళ్లకి కనపడరు, చస్తారు" అని కామెంట్ చేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వెనక కట్టిన పొడుగాటి జెండా, పట్టపగలు కూడా వెలిగే లైటు ఫొటో తీసి జవాబుగా పెట్టండి.

గేర్ల సంగతి అడిగినవాళ్లకి కామెంట్లలో చెప్పొచ్చు. పోస్టులో మాత్రం ఏ ఊరు, ఏ ట్రెయిల్, కారు ఎక్కడ ఆపాలి, ఒకసారి కూర్చుని చూడాలంటే ఎవరిని అడగాలి, ఇవి తప్పకుండా రాయండి. సిన్సినాటి చుట్టుపక్కల ఉన్నవాళ్లయితే మెసేజ్ పెట్టండి. మీ అమ్మానాన్నల్ని తీసుకొస్తే నా బండి మీద కూర్చోబెడతాను.