గిన్నెలో నీళ్లు అట్లే ఉన్నాయా?

అనంతపురం

అబ్బీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విని మీ పెద్దమ్మకు కూడా టెన్షన్ పట్టుకుంది. "మూడు వారాలైంది పెద్దనాయనా, బియర్డెడ్ డ్రాగన్ బల్లికి గిన్నెలో పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి" అంటివి. మా బల్లి బుడ్డోడూ అంతే. మీ అన్న బెంగళూరు ఉద్యోగానికి పోతా పోతా వాడిని నా నెత్తిన పెట్టి ఆరేళ్లయింది. ఇన్నేళ్లలో వాడు గిన్నెలో మూతి పెట్టి తాగడం నేను చూసింది నాలుగైదు సార్లే.

ఈ బియర్డెడ్ డ్రాగన్ల సొంతూరు ఆస్ట్రేలియా నడిమి ఎండు నేలలు. అక్కడ నిలవ నీళ్లు అరుదు. వాన పడితే తల దించి, నడుము పైకెత్తి నిలబడి, మూతి దాకా జారే చుక్కల్ని నాకుతాయి. కదలని నీళ్లు చాలావాటి కంటికి ఆనవు. నీకు అమ్మిన అంగడి ఆయన "ఎడారి జీవి, నీళ్లతో పని లేదు" అన్నాడు కదా, ఆ మాట మాత్రం మరిచిపో. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే మా అనంతపురంలో కూడా మనుషులకు దప్పికవుతుంది!

పొద్దున అది ఉండే తొట్టిలో వేడి లైటు కింద ఒళ్లు వెచ్చబడ్డాక, డ్రాపర్‌తో మూతి కొసన ఒక్క చుక్క వదులు. ఆగు. కళ్లార్పుతుంది, కాసేపటికి గులాబీ రంగు నాలుక బయటికొచ్చి చుక్కను అద్దుకుంటుంది. అప్పుడు రెండోది. చాలనిపిస్తే తల తిప్పేస్తుంది, బలవంతం చేయొద్దు. నేను కొత్తలో తొందరపడి సిరంజితో నోట్లోకే పోశాను. ముప్ఫై ఏళ్లు పశువుల ఆసుపత్రిలో పనిచేసినవాణ్ణి, ఎనుముకు మందు పోసిన చేయి కదా, నాకు తెలియదా అనుకున్నా. పాపం వాడికి పొలమారింది, ముక్కులోంచి బుడగలు వచ్చాయి. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

అసలు నీళ్లు తిండితోనే ఎక్కువ పోతాయి. ఆకులు కడిగి, విదిలించకుండా తడితడిగానే పెట్టు. మునగాకు, సొరకాయ తురుము, గుమ్మడి మంచివి. పాలకూర, చుక్కకూర, గోంగూర రోజూ వద్దు, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనీయవు. కర్బూజా చక్కెర ఎక్కువ, ఎప్పుడైనా ఒక ముక్క. డబ్బాల్లో అమ్మే ఎండు పురుగుల్లో తేమ ఉండదు, బతికున్నవే కొను. పట్టుపురుగు ఒంట్లో నాలుగింట మూడు వంతులు నీళ్లే. హిందూపురం వైపు దొరుకుతాయి గానీ, జబ్బు చేసిందని షెడ్డులో ఏరి పారేసినవి ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

నీళ్లు సరిపోతున్నాయో లేదో గిన్నెను చూస్తే తెలియదు, పెంట చూడాలి. అందులో తెల్లగా ఒక ముద్ద ఉంటుంది, అదే దాని మూత్రం. తమలపాకుకు రాసే సున్నంలా తెల్లగా, మెత్తగా ఉంటే నిశ్చింతగా ఉండు. పసుపుకో నారింజకో తిరిగి, పుల్లతో పొడిస్తే సుద్దముక్కలా పొడి రాలితే నీళ్లు చాలడం లేదు. అట్లే నెలల తరబడి సాగితే కిడ్నీలు దెబ్బతింటాయి, కీళ్లవాతం కూడా వస్తుంది. ఎనుము మెడ చర్మం పట్టి లాగి చూసినట్టు దీన్ని చూస్తే ఒక్కోసారి మోసపోతాం, దీని తోలే వదులు. కళ్లు లోపలికి పోయాయా, నోట్లో జొల్లు బంకలా సాగుతోందా, అది చూడు.

వారానికి ఒకటి రెండు సార్లు స్నానం చేయించు. తోలు గుండా నీళ్లు పీల్చుకుంటుందని అంటారు గానీ అది నిజం కాదు. నీళ్లలో ఉన్నప్పుడు కొన్ని తాగుతాయి, కడుపు కూడా కదులుతుంది. దాని మోచేతుల దాకా వచ్చే లోతు, పది పదిహేను నిమిషాలు, పక్కనే ఉండు. అందులోనే పెంట వేస్తే వెంటనే నీళ్లు మార్చు, లేకపోతే అవే తాగుతుంది. మే నెలలో మిద్దె మీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం నేరుగా పట్టేవు జాగ్రత్త, కాలిపోతుంది. పసిబిడ్డకు చూసినట్టు నీ మోచేతి మీద పోసుకుని చూడు.

మీ కడప ఎండల్లో ఇంకో చిక్కుంది. లైటు కింద 40 డిగ్రీలు ఉండొచ్చు, తొట్టిలో రెండో వైపు మాత్రం 30 దాటకూడదు. ఆ చల్లని వైపున కూడా నోరు తెరుచుకుని కూర్చుంటే వేడి లైటు ఆపేయ్. అట్లని కూలర్ గాలి దాని మీదికి తిప్పొద్దు, చెమ్మ ఎక్కువై ఊపిరి జబ్బు పట్టుకుంటుంది. నీళ్లు చిలకరించేది కూడా మూతి మీదే, తొట్టంతా తడపకు.

రెండు మూడు రోజులు చుక్కలు పోసినా పసుపు పోకపోతే, తిండి మానేస్తే, ఇక నాకు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు. మీ జిల్లాలోనే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. ఇట్లాంటి జీవుల్ని చూస్తారా అని ముందు ఫోన్ చేసి కనుక్కుని పో. పెంట ఫోటో తీసుకుని పో, మొహమాటపడకు.

ఈ రోజుది నాకూ పంపు. భోజనాల వేళ మాత్రం పంపకు, మీ పెద్దమ్మ తిడుతుంది.

మీ పెద్దనాయన