బుజ్జీ, నీ వీడియో పాఠాల గురించి

బుజ్జీ, నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నువ్వు ఇంటర్ ఫిజిక్స్ ఆన్‌లైన్‌లో చెప్పబోతున్నావని చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత చాక్‌పీస్ పట్టింది నువ్వే, అందుకే సంతోషంతో నిద్ర పట్టలేదు తల్లీ. కానీ అప్పు చేసి పెద్ద కెమెరా కొంటున్నావట, అది వినగానే గుండె గుభేలుమంది. కెమెరా తర్వాత చూద్దాం, ముందు మంచి మైక్ కొను. ఫ్యాన్ ఆపి రికార్డ్ చెయ్యి. స్లైడ్ మీద ఉన్నదే చదవకు, బొమ్మ కూడా రెడీమేడ్‌ది పెట్టేయకుండా గీత గీత చేత్తో గీస్తూ చెప్పు. ఒక వీడియోలో ఒకే సంగతి, ఆరు నిమిషాలు దాటనివ్వకు. 2014లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వెబ్‌సైట్ కోర్సుల మీద 69 లక్షల వీడియో సెషన్లు లెక్కేసి చూస్తే ఆరు నిమిషాల్లోపు వీడియోలనే ఎక్కువగా వదలకుండా చూశారని తేలింది.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇది, ఇప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. 2020 లాక్‌డౌన్‌లో జూమ్ ఫ్రీ అకౌంట్, 40 నిమిషాలకి కట్ అయిపోతుందని ఒకటే పరుగు. వాలుతలం పాఠం చెప్తున్నా. స్క్రీన్ మీద బాణం తిప్పుతూ "ఇది ఇటు, అది అటు, దీన్ని తీసుకెళ్ళి ఇక్కడ పెడితే అయిపోయింది" అంటూ పోయాను. అర్థమైందా అంటే చాట్ నిండా ఎస్ సార్, ఎస్ సార్, నేనూ పొంగిపోయాను. కాలేజీ తెరిచాక ఒక అమ్మాయి నోట్స్ చూశాను. వాళ్ళ నాన్న ఫోన్‌లో, సిగ్నల్ సరిగా లేక బొమ్మ ఆగిపోయి గొంతు మాత్రమే వినపడేదట. పేజీ మధ్యలో స్కేలు పెట్టి నీటుగా ఒక ఖాళీ డబ్బా గీసి లోపల "సార్ బొమ్మ" అని రాసుకుంది, దాని కింద నేనన్న మాటలే పొల్లుపోకుండా, ఇది ఇటు, అది అటు. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. "బరువు ఎంజీ, అందులో వాలు వెంట కిందకి లాగేది ఎంజీ సైన్ తీటా, వాలుకి లంబంగా నొక్కేది ఎంజీ కాస్ తీటా, తీటా అంటే నేలకీ వాలుకీ మధ్య కోణం" అని ఉంటే ఆ డబ్బాలో బొమ్మ తనే గీసుకునేది కదా!

అందుకే బుజ్జీ, "ఇది, అది, ఇక్కడ" అనే మాటలు నీ నోట రాకూడదు, ప్రతిదాన్నీ పేరు పెట్టి పిలువు. అర్థమైందా అని ఎప్పుడూ అడక్కు, మొహమాటానికి అందరూ ఎస్ అంటారు. "వాలు ఇంకాస్త నిటారుగా చేస్తే ఎంజీ కాస్ తీటా పెరుగుతుందా తగ్గుతుందా" అని అడిగి కాసేపు ఆగు, ఆ నిశ్శబ్దానికి భయపడకు, చిన్నప్పుడు నేను లెక్క ఇస్తే నువ్వు పెన్సిల్ కొరుకుతూ ఎంతసేపు కూర్చునేదానివో గుర్తుందిగా, ఒక్కసారైనా తొందరపెట్టానా నిన్ను?

మొదటి వీడియో ఎవరికీ పెట్టకముందు నాకు పంపు. ఫోన్ బోర్లా పెట్టి, మీ అత్తకి పెన్సిల్ ఇచ్చి, నీ గొంతు విని బొమ్మ గీయమంటాను.