పండగ చుట్టాలు, మన బ్రూనో

బ్రాడీపేట, గుంటూరు

చి॥ల॥సౌ॥ సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఈ సంక్రాంతికి అందరం పటమటలో మీ ఇంటికే వస్తున్నామని మీ అమ్మ చెప్పింది. మీ కుక్క బ్రూనో గురించి నువ్వు టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పింది. దానికి నేర్పాల్సింది కొంచెమేనే, చుట్టాలకు నేర్పాల్సిందే ఎక్కువ.

ముందు దానికంటూ ఒక గది చూడు, మీ వెనక గది చాలు. ఇప్పటినుంచే రోజూ కాసేపు అక్కడే అన్నం పెట్టి, దాని దుప్పటి అక్కడే వేసి అలవాటు చెయ్యి. పండగపూట ఒక్కసారిగా లోపలికి తోసి తలుపేస్తే ఇల్లు అదరగొట్టేస్తుంది. భోగిమంట వేసేటప్పుడు, గంగిరెద్దులవాళ్లు సన్నాయి ఊదేటప్పుడు అది ఆ గదిలోనే ఉండాలి, ఫ్యానో టీవీయో పెట్టి ఉంచు. అత్తయ్యగారు మడి కట్టుకుని వంట చేస్తారు కాబట్టి ఆ గొడవా తప్పుతుంది.

వచ్చినవాళ్లు సామాన్లు దింపుకుని కూర్చున్నాక, బెల్టు వేసి తీసుకురా. మీదికి ఎగిరితే ఎవరూ అరవొద్దు, అరుపు కూడా దానికి ఆటే. అటు తిరిగి నిలబడి, కాళ్లు నేలకు ఆనించాకే పలకరించమను. మీ బాబాయి వినడు, ఆయన్ని దూరంగా కూర్చోబెట్టు.

అసలు జాగ్రత్తంతా పిల్లల దగ్గర. అది తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు ఎవర్నీ దగ్గరికి పోనివ్వకు. పెద్దవాళ్లు లేకుండా చిన్నపిల్లల్ని దానితో ఒక్క నిమిషం కూడా వదలకు, అది ఎంత మంచిదైనా సరే. మొహం తిప్పుకుంటున్నా, ఊరికే మూతి నాక్కుంటున్నా, నిద్ర రాకపోయినా ఆవులిస్తున్నా ఇక చాలని చెప్తున్నట్టే, గదిలోకి తీసుకెళ్లిపో. గుర్రుమంటే మాత్రం కొట్టొద్దు. గుర్రుమన్నందుకు దెబ్బలు తిన్న కుక్క ఆ తర్వాత చెప్పకుండానే కరుస్తుంది.

పొరపాటున ఎవరికైనా దాని పన్ను దిగితే సబ్బుతో, కొళాయి నీళ్ల కింద పావుగంట కడగండి. పసుపు, కారం, కాఫీపొడి లాంటివి పూయొద్దు. మన గుంటూరు వాళ్లకి అన్నిటికీ కారమే మందు! బ్రూనోకి టీకాలు వేయించినా సరే, పన్ను దిగినవాళ్లని అదే రోజు డాక్టరుకి చూపించాలి. పెద్దాసుపత్రిలో రేబిస్ ఇంజెక్షన్లు ఉచితంగానే వేస్తారు. దాని టీకా గడువు దాటిందేమో ఇప్పుడే కార్డు తీసి చూడు.

తిండి దగ్గర ఎవరి మాటా వినకు. 'పాపం, ఒక్క ముక్క' అని పదిమంది పెడితే అవి పది ముక్కలు. పరమాన్నంలో కిస్‌మిస్ కుక్కల కిడ్నీలు పాడు చేస్తుంది. కనుమ నాడు కోడికూరలో ఉల్లి, వెల్లుల్లి రెండూ దానికి విషమే. ఉడికిన ఎముక చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. అరిసెలు, చక్రాల నూనెకి వాంతులు, విరేచనాలు ఖాయం. చాక్లెట్లు, చక్కెర లేని చూయింగ్ గమ్ పిల్లల బ్యాగుల్లో ఉంటాయి, ఆ బ్యాగులు అటక మీద పెట్టించు. భోగిపళ్లు పోశాక వెంటనే ఊడ్చెయ్, రేగి గింజలూ చిల్లర నాణేలూ మింగుతుంది. ఏదైనా మింగేస్తే ఉప్పునీళ్లు పట్టి కక్కించాలని చూడొద్దు, ఏం తిందో, ఎంత తిందో వెంటనే డాక్టరుకి చెప్పు. కిస్‌మిస్ తిన్నాక హుషారుగానే ఉందని ఊరుకోకు.

గేటు ఇంకో పెద్ద సమస్య. ముగ్గు వేసేవాళ్లు, వచ్చేపోయేవాళ్లు బార్లా తీసి వదిలేస్తారు. మెడ పట్టీకి నీ ఫోన్ నంబరు రాయించి కట్టు. మేడ మీదికి గాలిపటాల దగ్గరికి రానివ్వకు, తెగిన మాంజా కాళ్లకు చుట్టుకుని కోస్తుంది.

పండగ మూడు రోజులూ ఏ పశువుల డాక్టరు ఉంటారో ఇప్పుడే కనుక్కుని, నంబరు ఫ్రిజ్ మీద అంటించు. గారెలకు మినప్పప్పు నేను తెస్తున్నా, నువ్వు కొనకు.

ఇట్లు,
పెద్దమ్మ