ఆర్‌సీలో సైలెన్సర్ గురించి ఉండదు కదా, మార్చుకోవచ్చా?

ప్రశ్న: మాది కాకినాడ. నాన్నగారి పేరు మీద పాత ఆల్టో 800 ఉంది. ఉప్పుగాలికి సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లులు పడింది. ఎలాగూ మార్చాలి కాబట్టి పొగలోని విషవాయువులను తగ్గించే కన్వర్టర్ తీసేసి, పొగను అడ్డులేకుండా బయటికి వదిలే ఫ్రీ ఫ్లో పైపు వేస్తే సౌండ్, పికప్ రెండూ పెరుగుతాయని మెకానిక్ అంటున్నాడు. సైలెన్సర్ వివరాలు ఆర్‌సీలో ఉండవు కాబట్టి కేసు కాదంటున్నాడు. నిజమేనా?

జవాబు: చిల్లులు పడిన సైలెన్సర్ మార్చాల్సిందే. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చే సైలెన్సరే వేయించండి. చిక్కంతా ఆ ఫ్రీ ఫ్లో పైపుతోనే.

మెకానిక్ మాటలో సగం నిజముంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలకూ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సైలెన్సర్ అందులో లేదని కోర్టులో వాదించవచ్చు. కానీ కంపెనీ తయారుచేసిన నమూనాకు విరుద్ధంగా మార్పులు కుదరవని కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకవేళ ఆర్‌సీ వాదన నెగ్గినా మీరు బయటపడరు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటిన బండిని రోడ్డెక్కిస్తే సెక్షన్ 190(2) వర్తిస్తుంది. దానికి ఆర్‌సీతో పనే లేదు. మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. పైగా మూడు నెలలు లైసెన్స్‌పై అనర్హత. కొత్త కారు అమ్మకానికి రావాలంటే కంపెనీ పరీక్షలో శబ్దం 74 డెసిబెల్స్ దాటకూడదు. ఫ్రీ ఫ్లో పైపుకు అలాంటి పరీక్షే ఉండదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. సెక్షన్ 182ఎ(4) కింద అనుమతి లేని మార్పుకు శిక్ష పడేది ఓనర్‌కి: ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మీ సరదాకి నోటీసు వచ్చేది నాన్నగారి పేరు మీద. ఇక 190(2) నడిపినవారినే కాదు, నడపనిచ్చినవారినీ పట్టుకుంటుంది. కాబట్టి ఆయనకు చెప్పకుండా ఈ పని చేయకండి. చెప్పినా చేయొద్దనే నా సలహా.

796 సీసీ ఇంజన్‌కి పైపు మార్చినంత మాత్రాన చెప్పుకోదగ్గ పికప్ రాదు, సౌండ్ మాత్రం వస్తుంది. కన్వర్టర్ తీసేస్తే కార్బన్ మోనాక్సైడ్ పెరిగి పొల్యూషన్ టెస్టులో దొరికిపోతారు. రేపు ప్రమాదం జరిగితే, చెప్పకుండా చేసిన మార్పును సాకుగా చూపి ఇన్సూరెన్స్ వాళ్లు సొంత డ్యామేజీ (మీ కారుకే జరిగిన నష్టం) క్లెయిమ్‌పై పేచీ పెట్టొచ్చు.

కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి. పాతది ఉంచేసుకుంటాననే షాపుకి బండి ఇవ్వకండి. ఒకవేళ ఇప్పటికే విప్పించి ఉంటే ఆ కన్వర్టర్‌ని వెనక్కి తెచ్చి బిగించమనండి. కొత్త సైలెన్సర్ బిల్లు మీద పార్ట్ నంబర్, బండి నంబర్ రాయించి, ఆర్‌సీతో పాటే కారులో పెట్టుకోండి. ఆపిన ఎస్‌ఐ గారికి ముందు చూపించాల్సింది ఆ కాగితమే.