సిట్టింగ్ సెనేటర్‌ను సొంత పార్టీలోనే ఓడించాలంటే

ప్రశ్న: అమెరికాలో పదవిలో ఉన్న సెనేటర్ మీద సొంత పార్టీవాళ్లే పోటీకి దిగుతుంటారు. మన దగ్గరైతే బీ-ఫారం దక్కనివాళ్లు రెబెల్‌గా నిలబడతారు. అక్కడ ఇదెలా కుదురుతుంది? వాళ్లలో నిజంగా గెలవగలవాళ్లను ముందే గుర్తుపట్టగలమా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అక్కడ బీ-ఫారం ఇచ్చే అధిష్ఠానం లేదు. పార్టీ అభ్యర్థి ఎవరన్నది ఆ రాష్ట్రంలో జరిగే ప్రైమరీ ఎన్నికలో ఓటర్లే తేలుస్తారు. ఆరేళ్లకోసారి సిట్టింగ్ సెనేటర్ కూడా ఆ గడప దాటాల్సిందే. అయినా వాళ్లు ఓడిపోవడం అరుదు. 2012లో ఇండియానాలో రిచర్డ్ లూగర్ ఓడాక, 2024 ఎన్నికల దాకా, ప్రజలు ఎన్నుకున్న సెనేటర్ ఒక్కరూ ప్రైమరీలో ఓడలేదు. 2017లో అలబామాలో ఓడిన లూథర్ స్ట్రేంజ్ గవర్నర్ నియమిస్తే వచ్చినవారు.

అందుకే పోటీదారు కన్నా ముందు సెనేటర్‌ను చూడండి. ఆయన మీద సొంత పార్టీ ఓటరుకు ఒక్క ముక్కలో చెప్పగలిగేంత కోపం ఉందా? 2006లో కనెక్టికట్ డెమోక్రాట్లకు జో లీబర్‌మన్ మీద ఉన్న కోపం ఇరాక్ యుద్ధాన్ని ఆయన సమర్థించడం; ప్రైమరీలో ఓడారు. పెన్సిల్వేనియాలో ఆర్లెన్ స్పెక్టర్ 2009లో రిపబ్లికన్ పార్టీ వదిలి డెమోక్రాట్లలో చేరారు. పార్టీ మారితే మళ్లీ గెలుస్తానన్న ఆయన సొంత మాటనే జో సెస్టాక్ మరుసటి ఏడాది టీవీ ప్రకటనగా మలిచి ఓడించారు. లూగర్‌ది ఇల్లు. ఆరుసార్లు గెలిచిన ఆయన ఇండియానాలోని ఇంటిని 1977లోనే అమ్మేశారు. ఆ చిరునామాతో ఓటేయడం చెల్లదని స్థానిక ఎన్నికల బోర్డు ప్రైమరీకి కొద్ది వారాల ముందు తేల్చింది. ‘ఈయన మన దగ్గర ఉండటమే లేదు’ అన్నది ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకుండానే జనంలోకి వెళ్లింది.

‘చాలాకాలంగా ఉన్నారు, ఇక చాలు’ అన్నది ఒక్కటే సరిపోదు. 2020లో మసాచుసెట్స్‌లో ఎడ్ మార్కీ మీద దిగిన జో కెనెడీకి ఇంటిపేరుంది, డబ్బుంది, ప్రతినిధుల సభలో సీటూ ఉంది. మార్కీని ఎందుకు దించాలన్న ప్రశ్నకు మాత్రం సూటి జవాబు లేదు. దాదాపు 55 శాతం ఓట్లతో మార్కీయే గెలిచారు.

కోపం ఉన్నా, అది ఒక్కరి ఖాతాలోనే పడాలి. 2014లో కాన్సాస్‌లో పాట్ రాబర్ట్స్‌కు వచ్చింది సుమారు 48 శాతమే. వ్యతిరేక ఓటు చీలింది కాబట్టి బయటపడ్డారు. చీలిక ఎప్పుడూ సిట్టింగ్‌కే లాభమనుకోకండి. 1992లో ఇల్లినాయ్‌లో ధనికుడైన మూడో అభ్యర్థి తన ప్రకటనలతో సిట్టింగ్ సెనేటర్ అలన్ డిక్సన్‌ను చితగ్గొట్టారు. ఆ సందులోంచి కేరల్ మోస్లీ బ్రాన్ 38 శాతంతో గెలిచారు. అయితే అలాంటిదాన్ని నమ్ముకుని ఎవరూ బరిలోకి దిగకూడదు.

ముందస్తు సూచన ఒకటుంది: అనామక అభ్యర్థికి పడే ఓట్లు. 2018లో న్యూజెర్సీ ప్రైమరీలో బాబ్ మెనెండెజ్ మీద, దాదాపు ప్రచారమే చేయని అభ్యర్థికి 38 శాతం దాకా వచ్చాయి. 2023 సెప్టెంబరులో మెనెండెజ్ మీద అవినీతి అభియోగాలు నమోదైన మర్నాడే ప్రతినిధుల సభ సభ్యుడు ఆండీ కిమ్ పోటీ ప్రకటించారు. కోపం ఎక్కడుందో తెలిసి, అప్పటికే గెలిచిన అనుభవంతో సిద్ధంగా ఉన్నవారే గట్టి పోటీదారు.

ప్రశ్న: నిలబడాలంటే కాగితాలు, డబ్బు ఏమేం కావాలి? ఎక్కడ దెబ్బతింటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: 30 ఏళ్ల వయసు, 9 ఏళ్ల పౌరసత్వం ఉండాలి. ఎన్నికయ్యే నాటికి ఆ రాష్ట్ర నివాసి కావాలి. ప్రచారానికి 5,000 డాలర్లకు మించి వసూలు చేసినా, ఖర్చు పెట్టినా 15 రోజుల్లో అభ్యర్థిత్వ పత్రం దాఖలు చేయాలి. మిగతాది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో 5,000 డాలర్ల రుసుము గానీ 5,000 సంతకాలు గానీ చాలు. మసాచుసెట్స్‌లో 10,000 సంతకాలతో పాటు పార్టీ మహాసభలో 15 శాతం ప్రతినిధుల మద్దతు కావాలి.

ఎక్కువమంది తడబడేది సంతకాల దగ్గరే. ఓటరుగా నమోదు కానివారివి, రెండుసార్లు చేసినవి కొట్టేస్తారు. అందుకే అవసరమైనదానికి కనీసం ఒకటిన్నర రెట్లు సేకరించి, వారం వారం ఓటర్ల జాబితాతో సరిచూసుకోవాలి. 2022లో మిషిగన్‌లో గవర్నర్ పదవికి దిగిన ఐదుగురు రిపబ్లికన్లు ప్రైమరీ బ్యాలెట్‌కే ఎక్కలేకపోయారు. కూలికి పెట్టుకున్నవాళ్లు దొంగ సంతకాలు తెచ్చారు.

2025–26లో ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఎన్నికకు 3,500 డాలర్ల వరకే ఇవ్వొచ్చు. ప్రైమరీ, సాధారణ ఎన్నిక వేర్వేరు లెక్క. సాధారణ ఎన్నిక కోసం తీసుకున్నది ప్రైమరీలో ఖర్చు పెట్టకూడదు. కాబట్టి పత్రికల్లో కనిపించే మొత్తం వసూలు చూసి మోసపోవద్దు. సొంత డబ్బుకు పరిమితి లేదు.

రనాఫ్ ఉందో లేదో కూడా చూసుకోవాలి. మిసిసిపీలో సగానికి మించి ఓట్లు రాకపోతే మళ్లీ పోలింగ్. 2014లో అక్కడి రిపబ్లికన్ ప్రైమరీలో పోటీదారు క్రిస్ మెక్‌డానియల్ తొలి విడతలో కొద్దిగా ముందున్నారు. మూడు వారాల్లో సిట్టింగ్ సెనేటర్ థాడ్ కోక్రన్ వర్గం, డెమోక్రాట్ల ప్రైమరీలో ఓటేయని నల్లజాతి ఓటర్లను పోలింగ్‌కు రప్పించింది. అక్కడి నిబంధనలు దానికి ఒప్పుకుంటాయి. కోక్రనే గెలిచారు. ఎవరు ఓటేయొచ్చో తెలియకుండా వేసిన లెక్కలన్నీ ఇలాగే తలకిందులవుతాయి.

ప్రశ్న: ప్రైమరీలో ఓడిన సెనేటర్ ఇక ఇంటికేనా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: అన్ని చోట్లా కాదు. లీబర్‌మన్ స్వతంత్రుడిగా నిలబడి గెలిచారు. 2010లో అలాస్కాలో లీసా మర్కౌస్కీ పేరు బ్యాలెట్ మీద లేకున్నా, ఓటర్లు చేత్తో రాసి గెలిపించారు. చాలా రాష్ట్రాల్లో ఓడినవారు మళ్లీ స్వతంత్రంగా నిలబడకుండా చట్టాలున్నాయి. పోటీదారు ఈ సంగతి నామినేషన్‌కు ముందే చూసుకోవాలి.

ప్రశ్న: మా అబ్బాయి హెచ్-1బీ మీద న్యూజెర్సీలో ఉన్నాడు. తనకు నచ్చిన అభ్యర్థికి విరాళం ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఇవ్వకూడదమ్మా. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు మాత్రమే ఇవ్వొచ్చు. స్నేహితుడి చేత ఇప్పించి తరవాత అతనికి డబ్బు సర్దడం ఇంకా పెద్ద తప్పు. వేరొకరి పేరు మీద విరాళం ఇవ్వడం ఎవరికైనా నిషేధమే. జీతం తీసుకోకుండా ఫోన్లు చేయడం, ఇంటింటికీ తిరిగి కరపత్రాలు పంచడం లాంటివి చేయొచ్చు.